పరీక్ష రాయించుకునే ముందు ఒక్క మాట

అల్లుడా,

నువ్వు పంపిన రిపోర్టులన్నీ ముందటేసుకుని చూసిన. మీ అమ్మకు పెద్దపేగు ఆపరేషన్ అయింది, కీమో నడుస్తున్నది. ప్యాకేజీల చవకగ వస్తున్నయని పదిహేను రోజులకోసారి సీఈఏ, సీఏ-125, సీఏ 19-9 అనే క్యాన్సర్ జాడ చూసే రక్తపరీక్షలు మూడూ చేయిస్తున్నవు. ఆపరేషన్, కీమో ఆరోగ్యశ్రీ మీద పోతున్నా, చార్జీలకు, ఈ పై పరీక్షలకే పత్తి పైసలన్నీ ఒడిసిపాయె. ల్యాబుల బతుకంతా గడిపినోణ్ని, ఈ ఒక్క సంగతి మటుకు నా మాట విను. పరీక్షకు పైసలు కట్టే ముందు డాక్టరును అడుగు: "సార్, ఈ అంకె పెరిగితే ఏం చేస్తరు, పెరగకుంటే ఏం చేస్తరు?" రెండింటికీ ఒకటే జవాబైతే ఆ పైసలు జేబులనే ఉంచుకో.

మీ అమ్మ రోగానికి పనికొచ్చేది సీఈఏ ఒక్కటే. అదీ కీమో నడుమ ఇన్నిసార్లు కాదు. ఆక్సాలిప్లాటిన్ లాంటి కీమో మందు పెట్టిన కొత్తల, రోగం పెరగకున్నా సీఈఏ కొన్నాళ్లు పెరిగి కనిపించొచ్చు. దాని అసలు పని చికిత్స అయినంక. మొదటి రెండేండ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆ తర్వాత ఐదేండ్లు నిండేదాక ఆరు నెలలకోసారి చూస్తరు. ఎందుకంటవా, ఈ క్యాన్సర్ తిరగబెడితే ఎక్కువగ కాలేయానికి పోతది. అక్కడ గడ్డ చిన్నగున్నప్పుడే దొరికితే కొందరికి కోసి తీసేయొచ్చు. అట్లని సీఈఏ ఒక్కదాన్నే నమ్ముకోకు. కొందరికి రోగం తిరగబెట్టినా అది పెరగదు. డాక్టరు రాసిన సీటీ స్కాన్, కొలనోస్కోపీ (పెద్దపేగుల గొట్టం పెట్టి చూసేది) "రక్తం మంచిగనే ఉన్నది గద" అని ఎగ్గొట్టొద్దు.

సీఏ-125 అండాశయ క్యాన్సర్‌కు చూసేది. ఆ రోగంల కూడా, లక్షణాలేమీ లేకముందే ఒట్టి అంకె పెరిగిందని కీమో మళ్లా మొదలుపెట్టినోళ్లు, లక్షణాలు వచ్చినంక మొదలుపెట్టినోళ్లకంటే ఎక్కువ కాలం బతకలేదని 2010 సంవత్సరంల లాన్సెట్ పత్రికల వచ్చిన పెద్ద అధ్యయనం తేల్చింది. మీ అమ్మకైతే ఆ రోగమే లేదాయె. పొట్టల టీబీ ఉన్నా, నీరు చేరినా సీఏ-125 పెరుగుతది. సీఏ 19-9 అయితే కామెర్లకే ఎగురుతది. అవి చూసి రాత్రంతా ఇంటిల్లిపాది ఏడుసుడు, తెల్లారి స్కానింగుకు అప్పు తెచ్చుడు. అక్కర లేనోళ్లకు ఈ ప్యాకేజీలు అంటగట్టేటోళ్ల మీద నాకు కోపమే.

మొన్న రాత్రి ఫోన్ చేసి "సీఈఏ 2.9 ఉన్నది 3.6 అయింది మామా" అన్నవు. రెండు కాగితాల కింద చిన్నక్షరాలు చదువు. పరకాల రిపోర్టుల మెథడ్, అంటే పరీక్ష చేసిన పద్ధతి, సీఎల్‌ఐఏ అని ఉన్నది, హన్మకొండ దాంట్ల ఈసీఎల్‌ఐఏ. మిషన్ మారితే అంకె మారుతది. రెండూ ఐదు లోపలే ఉన్నయి, భయపడే పని లేదు. ఇకనుంచి ఒక్క ల్యాబే పట్టుకో. నోటుబుక్కుల తేదీ, అంకె, ల్యాబు పేరు, ఆ రోజు జ్వరం గానీ కామెర్లు గానీ ఉన్నయా, అన్నీ రాయి. ఎప్పుడన్నా పెరిగితే కొన్ని వారాలాగి అదే ల్యాబుల మళ్లా చూస్తరు, అప్పటికీ ఎక్కుతుంటేనే అదనంగ స్కాన్ మాట. ఇంకోటి, జుట్టు ఊడుతున్నదని బయోటిన్ గోళీలు తెచ్చిచ్చినవట, చెల్లె చెప్పింది. కొన్ని మిషన్లల ఆ గోళీ సీఈఏను ఉన్నదానికంటే తక్కువ చూపిస్తది. డాక్టరుకు చెప్పి బంద్ పెట్టించు.

రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీ పరీక్షను మాత్రం ఎన్నడూ తప్పియ్యకు. పీహెచ్‌సీల టీ-డయాగ్నస్టిక్స్ అనే సర్కారు పథకం కింద పైస లేకుండ చేస్తరు. కీమోకు ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానకు హైదరాబాద్ పోయేదానికి ఒకటి రెండు రోజుల ముందు చేయించు. తెల్లకణాలు 2,400, వాటిల రోగంతోని కొట్లాడే న్యూట్రోఫిల్స్ 40 శాతం అని ఉంటే, 2,400ల 40 శాతం అంటే 960. అది 1,500 దాటకపోతే చాలామటుకు కీమో వాయిదా వేస్తరు. ప్లేట్‌లెట్లు కూడా లక్షకు తగ్గొద్దు. ఫోన్ల ముందే అడిగితే, కాజీపేటల రైలెక్కి రెడ్‌హిల్స్ దాక పోయి ఒట్టిగ తిరిగొచ్చుడు తప్పుతది, చెల్లెకు కూడా ఆ అలుపు ఉండదు.

కీమో అయినంక ఒకటి రెండు వారాల నడుమ ఈ తెల్లకణాలు బాగ పడిపోతయి. అప్పుడు 100.4 డిగ్రీల జ్వరం వస్తే పారాసిటమాల్ ఇచ్చి తెల్లారేదాక చూడకు. ఎంత రాత్రయినా వరంగల్ ఎంజీఎం దవాఖానకు తీసుకపో. చీటీ రాసేకాడనే "కీమో మీద ఉన్నది, జ్వరం వచ్చింది" అని గట్టిగ చెప్పు, లైన్ల నిలబెట్టకు. నోటుబుక్కు ఎంబడి ఉంచుకో, అక్కడి డాక్టరుకు అదే సగం కథ చెప్తది.

వచ్చే కీమో ముందటి సీబీపీ నాకు పంపు. ప్లేట్‌లెట్ల వరుస మీద వేలు పడకుండ ఫోటో తియ్యి, కిందటిసారి సగమే కనపడ్డది.

మీ మామ,
హన్మకొండ