పాత బైక్‌తో దూరప్రయాణం: బయల్దేరే ముందు ఇంజిన్ విప్పించాలా?

బండి సరిగ్గా స్టార్ట్ అవుతూ, నీలం పొగ వదలకుండా, కొత్త చప్పుళ్ళేమీ లేకుండా నడుస్తుంటే ఇంజిన్ జోలికి వెళ్ళకండి. పాయింట్ల ఇగ్నిషన్ (తెరుచుకుని మూసుకునే రెండు లోహపు ముక్కలతో స్పార్క్ పుట్టించే పాత పద్ధతి) ఉన్న సింగిల్ సిలిండర్ బండి మీద రోజుకు 250 కిలోమీటర్ల చొప్పున వారం తిరగాలని, ముందే ఇంజిన్ మొత్తం చేయించుకుంటే టెన్షన్ ఉండదేమోనని అడిగారు. నేను చూసినంతలో దారిలో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది అప్పుడే విప్పి బిగించిన ఇంజినే. కొత్త పిస్టన్, రింగులు సర్దుకోవాలంటే కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపాలి. లగేజీ బరువుతో, ఎండలో, హైవే మీద చేసే పని కాదది. బోరు చేయించక (సిలిండర్ లోపలి గోడను కొత్త పిస్టన్‌కు సరిపడేలా చెక్కించక) తప్పదనుకుంటే ప్రయాణమే ఒకట్రెండు నెలలు వెనక్కి జరపండి.

పాత బండి షెడ్డులో కంటే రోడ్డు మీదే బాగా సిద్ధమవుతుంది. మొదట 50 కిలోమీటర్లు, తర్వాత 100, ఆపైన 250 నడపండి. ఆ చివరిది మాత్రం తీసుకెళ్ళబోయే లగేజీ అంతా కట్టుకునే నడపాలి. ఇంటికొచ్చిన ప్రతిసారీ స్పానర్ పట్టుకుని ఇంజిన్ మౌంటింగులు, సైలెన్సర్, క్యారియర్, నంబర్ ప్లేటు నట్లన్నీ ఒకసారి చూడండి. ముఖ్యమైన నట్ల మీంచి పక్కనున్న ఇనుము మీదికి పెయింట్‌తో సన్నగా ఒక గీత గీసి పెట్టుకుంటే, నట్టు ఏ కాస్త తిరిగినా గీత విరిగి కనిపిస్తుంది. దారిలో టీ కోసం ఆగినప్పుడు కూడా కూర్చున్న చోటి నుంచే చూసుకోవచ్చు. ఇంకో మాట: ఒకేసారి నాలుగు పార్టులు మార్చకండి. ఒకటి మార్చి, నడిపి, అంతా బాగుందనుకున్నాకే రెండోది. లేకపోతే తేడా వచ్చినప్పుడు అది దేనివల్లో తేల్చుకోలేరు.

ఇలాంటి బండ్లు ఎక్కువగా ఆగేది ఇగ్నిషన్ దగ్గరే. పొద్దున ఒక్క కిక్కుకే స్టార్ట్ అయిన బండి గంటసేపు నడిచాక ఆగిపోతుంది. కాసేపు చల్లబడితే ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్ట్ అవుతుంది. అప్పుడు ముందు పెట్రోల్ ట్యాంక్ మూత తెరవండి. బుస్సుమని గాలి లోపలికి పోయిందంటే మూతలో గాలి రంధ్రం పూడుకుపోయింది. ట్యాంకులోకి గాలి రాక పెట్రోల్ కిందికి దిగడం లేదు. అది కాకపోతే మూత మళ్ళీ గట్టిగా బిగించి, స్పార్క్ ప్లగ్ తీసి దాని వైరు క్యాప్‌కు తగిలించండి. ప్లగ్ రంధ్రానికి దూరంగా, ఇంజిన్ ఇనుముకు ఆనించి కిక్ కొట్టండి. స్పార్క్ పలచగా, పసుపు రంగులో వస్తే కండెన్సరో (పాయింట్ల దగ్గర మెరుపులు తగ్గించే చిన్న భాగం), కాయిలో (స్పార్క్‌కు ఎక్కువ వోల్టేజీ ఇచ్చేది) వేడికి పనిచేయడం మానేస్తోంది. పాయింట్లు విడిపోయే చోట మెరుపులు ఎక్కువగా కనిపిస్తే ముందు కండెన్సర్‌నే అనుమానించాలి.

అందుకే స్పేర్ కండెన్సర్ తప్పకుండా పెట్టుకోండి, కానీ డబ్బాలోంచి తీయని కొత్తది కాదు. కొత్తవాటిలోనూ పనిచేయనివి చాలానే ఉంటాయి. బండికి బిగించి ఓ 100 కిలోమీటర్లు నడిపాకే తీసి సంచిలో వేసుకోండి. కాయిల్, పాయింట్ల సెట్టు విషయంలోనూ నేను ఇలాగే చేస్తాను. పాయింట్ల గ్యాప్ చాలా బండ్లకు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ బండి మాన్యువల్ చూసి పెట్టుకోండి. క్యామ్‌కు (తిరుగుతూ పాయింట్లను తెరిచే ముక్కకు) ఆనే ముక్క అరిగేకొద్దీ గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ వెనక్కి పోతుంది, అంటే స్పార్క్ ఆలస్యంగా పడుతుంది. బండి లాగడం తగ్గి ఇంజిన్ వేడెక్కుతుంది. క్యామ్ మీద గ్రీజు చుక్క ఒకటి పెడితే ఆ అరుగుదల చాలా తగ్గుతుంది.

క్లచ్ వైరుకు స్పేర్‌ను సంచిలో పెట్టుకోవద్దు. పాత వైరు పక్కనుంచే దాన్నీ లాగి, రెండు కొసలకూ టేపు చుట్టి కట్టేయండి. దారిలో వైరు తెగితే ట్యాంక్ విప్పే పని లేకుండా పది నిమిషాల్లో మార్చుకుంటారు.

టైర్ల గాడులు బాగున్నాయని నమ్మకండి, తయారైన తేదీ చూడండి. టైరు పక్కగోడ మీద నాలుగంకెలు ఉంటాయి; 2319 అంటే 2019లో 23వ వారం. రబ్బరు గట్టిపడి పగుళ్ళు కనిపిస్తే ఎన్ని గాడులున్నా మార్చేయడమే. స్పోకులను స్పానర్‌తో ఒక్కొక్కటిగా తట్టి చూడండి. ఖంగుమనకుండా మొద్దుగా పలికినది వదులైనట్టే. బ్రేక్ డ్రమ్ములు విప్పి, లైనింగ్ (డ్రమ్ముకు రాసుకునే పొర) షూ నుంచి అంచుల్లో లేస్తోందేమో చూడండి. ఏళ్ళ తరబడి నిలిపి ఉంచిన బండ్లలో జిగురు వదిలేస్తుంది, అది ఊడితే చక్రం బిగుసుకుపోవచ్చు. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేక్ మీదే ఆధారపడకుండా తక్కువ గేరులో దిగండి. చైన్ లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ కదిలే వైపుకే ఉండాలి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ పాత రబ్బరు పైపులను పాడుచేస్తుంది, కాబట్టి పైపు మార్చి, ట్యాంకులో తుప్పు ఉంటే మధ్యలో ఫిల్టర్ పెట్టించండి.

మీ బండి 6 వోల్టులదో 12 వోల్టులదో మీరు రాయలేదు. 6 వోల్టులదైతే వెలుతురు కోసం ఎక్కువ వాట్ల బల్బు వేయకండి, డైనమో దాన్ని మోయలేక బ్యాటరీ దిగిపోతుంది. రోజూ చీకటి పడేలోపే చేరేలా మజిలీలు పెట్టుకోండి. 12 వోల్టులదైతే ఇంజిన్ రేజ్ చేసి బ్యాటరీ దగ్గర మీటరు పెట్టి, ఎంత చూపిస్తోందో ఇక్కడ రాయండి. 14 దగ్గర్లో లేకపోతే ముందు ఎర్త్ వైర్ల చివరలు విప్పి, గీకి శుభ్రం చేసి మళ్ళీ చూడండి.