పెరటి ప్రశ్నలు: నారుకు నీళ్లెన్ని?

శీతాకాలపు కూరగాయలకు నారు పోసుకునే రోజులివి. అందుకే ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ నీళ్ల చుట్టూనే తిరిగాయి. ఒకే రకం సందేహాలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: మేడ మీద 98 గుంతల ప్రోట్రేలో కోకోపీట్ నింపి టమాటా, వంగ విత్తనాలు వేశాను. మొలకలు బాగానే వచ్చాయి. ఉదయం, సాయంత్రం మరిచిపోకుండా నీళ్లు పోస్తున్నాను. కొన్నాళ్లకు ఒక మూల మొలకలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోయాయి. రెండు రోజుల్లో సగం ట్రే ఖాళీ. నీళ్లు చాలలేదా? రోజుకు ఎన్ని పోయాలి?
— పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: చాలక కాదమ్మా, ఎక్కువై పోయాయి. ఇది నారుకుళ్లు తెగులు. పడిపోయిన మొలకనొకదాన్ని తీసి మొదలు చూడండి. మట్టిని ఆనుకున్న చోట కాండం నీరుపట్టి, గోధుమరంగుకు తిరిగి, దారంలా సన్నబడి ఉంటుంది. పైన జంట ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటాయి. నీళ్లు లేక వాడిన మొలక ఇలా ఉండదు. అందులో ముందు ఆకు వేలాడుతుంది, మొదలు సన్నబడదు. ఈ తెగులు తెచ్చే వాటిలో పిథియం అనేది తడిలో ఈదుకుంటూ పక్క మొక్కకు పోగలదు. ఒక మూల మొదలై రెండు రోజుల్లో సగం ట్రేకు పాకడానికి కారణం అదే.

రోజుకెన్ని అని లెక్క కట్టుకోవడమే అసలు చిక్కు. విశాఖలో ఉక్కపోసే రోజు చెమటే ఆరదు, ట్రే ఎలా ఆరుతుంది? అదే పడమటి గాలి వీచే రోజున మధ్యాహ్నానికే గుంతలు ఎండిపోతాయి. ఈ రెండు రోజులకూ ఒకే కొలత పెడితే ఏదో ఒక రోజు తప్పు జరుగుతుంది. చూడాల్సింది గడియారం కాదు, వేరు ఎంత లోతుకు దిగిందన్నది.

విత్తనం వేసినప్పటి నుంచి మొలక కనిపించేదాకా పైపొర ఆరకూడదు. ఈ దశలో ఒక్కసారి ఎండినా పగిలిన విత్తనం లోపలే చచ్చిపోతుంది. అలాగని పదే పదే తడపక్కర్లేదు. బాగా తడిపిన ట్రే మీద పాత న్యూస్‌పేపర్ గానీ తడి గోనెసంచి గానీ కప్పితే, దాన్ని తడిగా ఉంచితే చాలు. టమాటా 5 నుంచి 7 రోజుల్లో, వంగ, మిరప ఇంకాస్త ఆలస్యంగా మొలుస్తాయి. వంకర తిరిగిన మొలక ఒక్కటి బయటికి రాగానే కప్పు తీసేయాలి. ఇంకో రోజు చూద్దాం అంటే నారు సన్నగా సాగిపోతుంది, ఆ సాగిన కాండానికే కుళ్లు ముందు పడుతుంది.

జంట ఆకులు విచ్చుకున్నాక పద్ధతి తిరగబడుతుంది. ఇప్పుడు పైపొర ఆరాలి. వేరు అప్పటికే ఒక అంగుళం కిందికి పోయింది, దానికి తడితో పాటు గాలీ కావాలి. ఉదయం సాయంత్రం నీళ్లు పోసిన ట్రేలో ఆ గాలి ఉండే ఖాళీలన్నీ నీటితో మూసుకుపోతాయి. కోకోపీట్‌తో ఇంకో మోసం ఉంది. పైన లేత గోధుమరంగుకు తిరిగి ఎండినట్టే కనిపిస్తుంది, కింద మాత్రం పిండితే నీళ్లు కారేంత తడి ఉంటుంది. అందుకని రంగు చూసి నీళ్లు పోయకండి, ట్రే ఎత్తి చూడండి. నిండా తడిపి, నీరు కారడం ఆగాక ఒకసారి ఎత్తి ఆ బరువు చేతికి తెలిసేలా చేసుకోండి. ఇంచుమించు అందులో సగానికి తేలికపడ్డాకే మళ్లీ తడి. నమ్మకం కుదరకపోతే ఒక గుంత కింది రంధ్రంలోంచి అగ్గిపుల్లతో కొంచెం కోకోపీట్ లాగి రెండు వేళ్లతో నలపండి. వేళ్లకు చల్లగా అంటుకుంటే ఈ పూటకు నీళ్లక్కర్లేదు.

పోసినప్పుడు మాత్రం నిండుగా పోయాలి. 98 గుంతల ట్రేకు అర లీటరు దగ్గర పెట్టుకుని, కింది రంధ్రాల్లోంచి చుక్కలు రాలే వరకు పోయండి. రోజూ పైపైన చిలకరిస్తే పై అరంగుళమే తడుస్తుంది. వేరు అక్కడే తిరుగుతూ కిందికి దిగదు. స్ప్రే సీసా మొలక రాకముందు పనికొస్తుంది గానీ, ఆ తర్వాత దానితో నీళ్లు పోశామనుకోవడం మన భ్రమే. రోజ్ డబ్బా (మూతికి జల్లెడలా రంధ్రాలున్న నీళ్ల డబ్బా) వాడితే మూతి పైకి తిప్పి పట్టుకోండి, నీరు వానలా మెత్తగా పడుతుంది. మొదటి ధార ఎప్పుడూ లావుగా వస్తుంది కాబట్టి డబ్బాను ట్రే బయట వంచి, ధార సన్నబడ్డాక ట్రే మీదికి జరపండి. ఆపేటప్పుడూ బయటికి తెచ్చాకే ఆపాలి. డబ్బా లేకపోతే లీటరు సీసా మూతకు కాల్చిన సూదితో పదిదాకా రంధ్రాలు చేసుకోండి. మగ్గుతో మాత్రం వద్దు. అంచు గుంతలు నడిమి వాటికంటే ముందు ఆరతాయి, వాటికి ఇంకో చేయి ఎక్కువ పడాలి.

వేళ సంగతికొస్తే, ఉదయం ఆరు నుంచి ఎనిమిది మధ్య మంచిది. సాయంత్రం తప్పనిసరైతే నాలుగున్నరలోపు ముగించండి. మీది సముద్రం పక్క కాలనీ. రాత్రి గాలిలో తేమ ఎక్కువ, చీకటిపడే ముందు తడిసిన మొదలు తెల్లారేదాకా ఆరదు.

ఇక మిగిలిన సగం ట్రే. పడిపోయినవాటిని గుంతలోని కోకోపీట్‌తో సహా తీసి పారేయండి. కుండీల్లో కలపొద్దు. పైపొర ఆరేవరకు నీళ్లు ఆపి, ట్రేను నేల మీంచి రెండు ఇటుకల ఎత్తు లేపి గాలి ఆడే చోట పెట్టండి. తర్వాతి తడికి మామూలు నీళ్లకు బదులు లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన నీళ్లు మొదళ్లు తడిసేలా పోయండి. దీన్ని చేతులకు తొడుగులు వేసుకుని కలపాలి. ఇప్పటికే మెత్తబడిన మొక్కను ఏ మందూ లేపదు, పక్కవాటిని కాపాడుతుందంతే. మళ్లీ విత్తేటప్పుడు పాత ట్రేను సబ్బుతో కడిగి ఎండబెట్టండి. విత్తనానికి ట్రైకోడెర్మా విరిడి (కుళ్లును అడ్డుకునే మేలు శిలీంద్రం) పొడి పట్టించండి. కిలోకు 4 గ్రాముల లెక్క గనుక ఇంటి విత్తనాలకు చిటికెడు సరిపోతుంది.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మిరప నారు ఆకుల అంచులు మాడుతున్నాయి, కప్పుల్లో మట్టి మీద తెల్లటి పొర కడుతోంది. ఏసీ నీళ్లు, ఆర్వో మిషన్ వదిలేసే నీళ్లు వాడుకోవచ్చా?
— పాఠకుడు, గాజువాక

జవాబు: ఆ తెల్లటి పొర ఉప్పే. నీరు ఆవిరై పోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. పెద్ద మొక్క తట్టుకునే ఉప్పును మొలక తట్టుకోలేదు. నీళ్లలో కరిగిన లవణాలను చూపే చిన్న టీడీఎస్ మీటరుతో కొలవండి. 450 లోపు చూపిస్తే నిశ్చింతగా వాడండి. వెయ్యి దాటితే నారుకు అసలు వద్దు. మధ్యలో ఉంటే సగానికి సగం మంచినీళ్లు కలపండి. కాచి చల్లార్చితే ఉప్పు పోదు, ఇంకా చిక్కబడుతుంది.

ఆర్వో మిషన్ వదిలే నీళ్లు మీకు సరిగ్గా వ్యతిరేకం. మిషన్‌లోకి 600 ఉన్న నీళ్లు మూడు లీటర్లు పోయి ఒక లీటరు మంచినీరు వస్తే, మిగతా రెండు లీటర్లలో ఉప్పు 900 దగ్గరికి చేరుతుంది. బాత్రూమ్ కడగడానికి ఉంచుకోండి. ఏసీ నీళ్లు గాలిలోని తేమే కాబట్టి వాటిలో ఉప్పు ఉండదు, నారుకు బాగా పనికొస్తాయి. చాన్నాళ్లు వాడని ఏసీ అయితే మొదటి బకెట్ పారబోయండి, గొట్టంలో పాచి పేరుకుని ఉంటుంది. వాన నీళ్లు దొరికితే అంతకంటే మేలు లేదు. జీవీఎంసీ కుళాయి నీళ్లు కూడా వాడుకోవచ్చు. అందులోని క్లోరిన్‌కు నారు చచ్చిపోతుందన్న భయం చాలామందికి ఉంది గానీ, తాగే నీళ్లలో ఉండేంత మోతాదుకు ఏమీ కాదు.

ఇప్పుడున్న కప్పులను కడగాలి. పైన తెల్లపొరను చెంచాతో తీసేసి, కప్పులో పట్టే మట్టికి రెండింతల మంచినీళ్లు, అంటే 150 మిల్లీలీటర్ల కప్పుకు 300, కొద్దికొద్దిగా పోసి కిందికి పోనివ్వండి. కారిన నీళ్లలో కప్పును నిలబెట్టొద్దు. కడగని కోకోపీట్ ఇటుకలో కూడా ఉప్పు ఉంటుంది. నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి ఇలా రెండు మూడుసార్లు చేశాకే నింపుకోవాలి. ఇంకో మాట. ఏసీ నీళ్లలోనూ కోకోపీట్‌లోనూ పోషకాలు లేనట్టే. అందుకని జంట ఆకుల తర్వాత అసలు ఆకులు రెండు రాగానే లీటరుకు 2 గ్రాముల 19:19:19 ఎరువు కలిపి వారానికోసారి ఇవ్వండి.

ప్రశ్న: ఉదయం నీళ్లు పోసినా మధ్యాహ్నం ఒంటిగంటకు నారు తల వాల్చేస్తోంది. వెంటనే మళ్లీ నీళ్లు పోస్తున్నాను. సరైనదేనా?
— పాఠకురాలు, మధురవాడ

జవాబు: పోసే ముందు ట్రే ఎత్తి చూడండి. బరువుగా ఉంటే నీళ్లున్నట్టే. ఆకులోంచి పోయే వేగానికి వేరు అందించలేక వాలింది, నీడ పడితే సాయంత్రం ఐదుకల్లా లేస్తుంది. దానికి కావాల్సింది 50 శాతం షేడ్‌నెట్ గానీ, పదకొండు తర్వాత ఎండ తగలని గోడ పక్క చోటు గానీ. నీళ్లు కాదు. తేలికగా ఉంటే అప్పుడు నిజంగా దాహమే, మధ్యాహ్నమైనా సరే పోయండి. మధ్యాహ్నం పోస్తే ఆకులు కాలిపోతాయంటారు గానీ, కాల్చేది ఎండ వేళ కాదు, ట్యాంకులోని వేడి నీళ్లు. మేడ మీద నల్ల ట్యాంకు, ఎండలో పడున్న పైపులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. బకెట్‌లో పట్టి నీడలో పెట్టి, చల్లబడ్డాక వాడండి. ఉదయం కూడా నారు వాలే ఉండి, ట్రే బరువుగా ఉంటే అది వేరు కుళ్లు. ఒక మొక్క పీకి చూడండి. ఆరోగ్యమైన వేరు తెల్లగా ఉంటుంది, కుళ్లినది గోధుమరంగులో ఉండి లాగితే పైతోలు ఊడి వస్తుంది.

ప్రశ్న: వాయుగుండం అంటే రెండు మూడు రోజులు ఆగని వాన. మేడ మీది నారు ఏం చెయ్యాలి?
— పాఠకుడు, పెదవాల్తేరు

జవాబు: ట్రేలను లోపలికి తెచ్చేయండి. వెలుతురు తగ్గినా రెండు రోజులకు ఏమీ కాదు. నేల మీద నారుమడి అయితే ముందే 15 సెంటీమీటర్ల ఎత్తు పోసి చుట్టూ కాలువ తీయాలి. పైన పాలిథిన్ కప్పితే పక్కలు తెరిచి ఉంచండి. వాన తగ్గాక రెండు మూడు రోజులు నీళ్ల జోలికి పోవద్దు. సముద్రం ఒడ్డున ఉన్నారు కాబట్టి గాలివాన వెళ్లిన మర్నాడు ఉదయం మంచినీళ్లతో ఆకులు మాత్రం ఒకసారి కడగండి, ఉప్పు తుంపర పడి ఉంటుంది.

ప్రశ్న: నాలుగు రోజులు ఊరెళ్తున్నాం. నారుకు నీళ్లు పోసేవాళ్లు లేరు.
— పాఠకురాలు, కంచరపాలెం

జవాబు: ట్రేను నీళ్ల పళ్లెంలో పెట్టి వెళ్లిపోవద్దు, వచ్చేసరికి కుళ్లిపోతుంది. కప్పుల్లో ఉంటే ప్రతి కప్పు కింది రంధ్రంలోంచి పాత బనియన్ గుడ్డ పేలిక సగం లోతు వరకు దూర్చి, రెండో కొస కింద ఉన్న నీళ్ల డబ్బాలోకి వదలండి. కప్పు నీటికి తగలకుండా పైన కూర్చోవాలి, పేలికే నీళ్లు లాక్కుంటుంది. ఒక రోజు ముందే పెట్టి పని చేస్తోందో లేదో చూసుకోండి. ప్రోట్రే అయితే నిండా తడిపి, ఎండ తగలని వెలుతురు చోట వదిలితే మూడు నాలుగు రోజులు ఆగుతుంది.

ప్రశ్న: నారు నాటే ముందు నీళ్లు తగ్గించాలంటారు. ఎప్పటి నుంచి, ఎంత?
— పాఠకుడు, సీతమ్మధార

జవాబు: నాటడానికి వారం ముందు నుంచి. టమాటా 25 రోజులకు, వంగ 30 నుంచి 35, మిరప 35 నుంచి 40 రోజులకు నాటుతాం కాబట్టి అక్కణ్నుంచి వెనక్కి లెక్కేసుకోండి. ఒకేసారి ఆపేయకుండా తడికీ తడికీ మధ్య ఎడం పెంచండి. ఆకు కొసలు కాస్త మెత్తబడేదాకా ఆగి అప్పుడు పోయండి. రోజురోజుకూ ఎండ కూడా పెంచుతూ పోవాలి. కాండం ముదురుతుంది, ఆకు కొంచెం మందమవుతుంది. నాటే రోజు మాత్రం రెండు గంటల ముందు ట్రేను నిండా తడపండి. అలా చేస్తే వేరు చుట్టూ ఉన్న కోకోపీట్ విడిపోకుండా గుంతలోంచి ముద్దగా ఊడి వస్తుంది. సాయంత్రం నాటి, మొదలు చుట్టూ పావు లీటరు పోయండి. మన ఎర్రమట్టి కుండీలో ఓ ఇబ్బంది ఉంది. కుండీ మట్టి తడిగా కనిపిస్తున్నా, మధ్యలోని కోకోపీట్ ముద్ద విడిగా ఎండిపోతుంది. మొదటి వారం నీళ్లు కుండీ అంచున కాకుండా ఆ ముద్ద మీదే పడాలి. ముద్ద పైభాగాన్ని కూడా అరంగుళం మట్టితో కప్పండి, లేకపోతే అది వత్తిలా తేమను పైకి లాగి గాలికి వదిలేస్తుంది.