అటక మీది గడ్డి మిషను

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది విన్నాక రాత్రంతా అదే ఆలోచన. వానలకి మామిడి తోటలో వయ్యారిభామ కలుపు నడుం ఎత్తు లేచిందంటున్నావు. బావ కొన్న గడ్డి కోసే మిషను, అదే ఆ బ్రష్ కట్టర్, ఎంత తాడు లాగినా అంటుకోవడం లేదు. మెకానిక్కేమో విప్పి చూడకుండానే "ఇంజను పోయిందండీ, కొత్తది తీసుకోండి" అన్నాడు. ఈ ఆదివారం దాకా ఆగు, కొనకు. ఏడాదిపాటు అటక మీద ఊరికే పడున్న మిషనుకి ఇంజను ఎందుకు పోతుంది? పాడయ్యేది లోపలున్న పెట్రోలు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందు ఇంజను దగ్గర ఆయిల్ పోసే మూత వేరే ఉందేమో చూడు. ఉంటే అది ఫోర్ స్ట్రోక్, పెట్రోల్లో ఆయిల్ కలపకూడదు. నాకు గుర్తున్నంతవరకు మీది టూ స్ట్రోకే, అంటే పెట్రోల్లోనే ఆయిల్ కలిపేది, మన పాత లూనా, చేతక్‌ల వంశం.

ఇప్పుడు ట్యాంకు మూత తీసి వాసన చూడు. తాజా పెట్రోలు ముక్కుకి ఘాటుగా తగులుతుంది, నిలవుంటే పాత వార్నిష్‌లా పుల్లగా కొడుతుంది. ఉన్నదంతా ఒక గాజు సీసాలోకి వంపి, పొయ్యికి దూరంగా బయట పెట్టి, తెల్లారి చూడు. అడుగున వేరే పొరలా ఏదైనా కనిపిస్తే అందులో నీళ్లు చేరినట్టే. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో నూటికి ఇరవై పాళ్ల దాకా ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీలుస్తుంది, పాత మిషన్ల రబ్బరుకీ పడదు. ఆ పెట్రోలు చెట్టు పాదులో మాత్రం పారబోయకు.

ట్యాంకులో పైపు చివర వేలాడే చిన్న ఫిల్టరు ఉంటుంది. బైండింగ్ వైరుని కొక్కెంలా వంచి బయటికి లాగు. నల్లబడి ఉంటే కొత్తది వెయ్యి, నోటితో ఊదే పని పెట్టుకోకు. పైపుని వేళ్లతో వంచి చూడు. పగుళ్లు కనిపిస్తే అదీ మార్చాల్సిందే. పెట్రోలు బదులు గాలి లాగుతుంది.

కొత్త పెట్రోల్లో 2టీ ఆయిలే కలుపు, కారు ఆయిల్ కాదు. లెక్క మిషను పుస్తకంలోనో ట్యాంకు మూత మీదో ఉంటుంది. 25:1 (పెట్రోలు 25 పాళ్లకి ఆయిల్ ఒక పాలు) అయితే లీటరుకి 40 మి.లీ., 50:1 అయితే 20 మి.లీ. మూతతో ఉజ్జాయింపుగా పోయకు, మందుల షాపులో 10 మి.లీ. సిరంజి కొనుక్కో. నెలరోజుల్లో వాడగలిగినంతే కలుపు.

ఇంతవరకు చేశాక పది పన్నెండు సార్లు లాగినా అంటుకోకపోతే స్పార్క్ ప్లగ్గు విప్పు. అసలు కథంతా అదే చెబుతుంది. తడిసి ఉంటే పెట్రోలు వస్తోంది కానీ మండటం లేదు. పొడిగా ఉంటే పెట్రోలే రావడం లేదు. మసి ఉంటే ఉప్పుకాగితంతో మెల్లగా రుద్ది, గ్యాపు 0.6, 0.7 మి.మీ. మధ్య ఉందేమో చూడు. ప్లగ్గుని వైరుకి తగిలించి, ఇనుప భాగాన్ని ఇంజను లోహానికి ఆనించి, తాడు లాగు. నీలంగా చిటుక్కుమనాలి. పెట్రోలు డబ్బా దగ్గర్లో ఉండగా ఈ పని చెయ్యకు, ప్లగ్గు కన్నానికి దూరంగా పట్టుకో. నిప్పురవ్వ రాకపోతే ముందు కొత్త ప్లగ్గు వేసి చూడు. అప్పటికీ లేకపోతే ఇంజను ఆపే స్విచ్చి నుంచి వచ్చే సన్న వైరు ఊడదీసి చూడు, రవ్వ వచ్చిందంటే తప్పు అక్కడే. అటక మీద మీ ఇంటి ఎలుకలు ఏం కొరికాయో ఎవరికి తెలుసు?

ప్లగ్గు పొడిగా ఉండి, నిప్పురవ్వ బాగుంటే, అరచెంచా కలిపిన పెట్రోలు ప్లగ్గు కన్నంలో పోసి, ప్లగ్గు బిగించి, చుట్టుపక్కల ఒలికింది తుడిచి, లాగు. రెండు క్షణాలు బుర్రుమని ఆగిపోయిందనుకో, పండగ చేసుకో. ఇంజను బతికే ఉంది, జబ్బు పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్‌లో. (వంటింటి చెంచా వాడకు. మీ అత్తయ్య ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుచేస్తుంది.)

కార్బొరేటర్ విప్పేటప్పుడు ప్రతి పొర తీసేముందు ఫోనుతో ఫోటో తీసుకో. ప్యాకింగూ, డయాఫ్రమ్ అనే పల్చటి పొరా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, వరస మారితే మళ్లీ మొదటికొస్తుంది. డయాఫ్రమ్ లేత తమలపాకులా మెత్తగా ఉండాలి. వేలితో నొక్కితే ఎండిన అప్పడంలా చిటపటమంటే దాని పని అయిపోయింది. ఆ పాత ముక్క జేబులో వేసుకుని షాపుకి వెళ్లు, మోడల్ పేరు చెబితే వేరేది అంటగడతారు. సన్న కన్నాల్లో సూదులు పెట్టకు. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే చాలు, కళ్లకి అద్దాలు పెట్టుకో.

కార్బొరేటర్ మీద బయటికి కనిపించే ఎల్, హెచ్ స్క్రూల (పెట్రోలు ఎంత వెళ్లాలో సరిచేసేవి) జోలికి మాత్రం పోకు. నేను పోయాను. మా మిషను కాస్త మందంగా తిరుగుతోందని హెచ్ స్క్రూ లోపలికి బిగించాను. శబ్దం సన్నగా, హుషారుగా పైకి లేచింది. మురిసిపోయాను. పావుగంటలో పిస్టను పట్టేసింది. టూ స్ట్రోక్‌కి ఆయిల్ వచ్చేదే పెట్రోలుతో కదా, పెట్రోలు తగ్గిస్తే ఆయిలూ తగ్గుతుంది. ఈ చిన్న సంగతి నాకు కొత్త సిలిండరు కొన్నాక బోధపడింది. నువ్వు ఇప్పటికే తిప్పేశానంటే చెప్పు, తిట్టనులే.

అంటుకుని పది నిమిషాలకి ఆగిపోతుంటే ట్యాంకు మూత కాస్త వదులుచేసి చూడు. గాలి పోయే కన్నం మూసుకుపోతే ట్యాంకులో వాక్యూం వచ్చి పెట్రోలు దిగదు. ఒకసారి ఇదే జబ్బుకి ఒక షాపులో నాకు నిప్పురవ్వ పుట్టించే కాయిల్ కొత్తది వేసి డబ్బు తీసుకున్నారు. ఇంటికొచ్చాక మళ్లీ అదే తంతు. చివరికి మూతని సబ్బునీళ్లతో కడిగితే సరిపోయింది.

అంటుకుంటుంది కానీ రేజ్ ఎక్కడం లేదంటే సైలెన్సర్ లోపలి జాలీ మసితో పూడిందేమో చూడు. గాలి ఫిల్టరు స్పాంజి సబ్బునీళ్లలో ఉతికి నీడలో ఆరబెట్టు.

ఇవేవీ కాకపోతే ప్లగ్గు బిగించి, తాడు పట్టుకుని మిషనుని వేలాడదియ్యి. ఆగి ఆగి నెమ్మదిగా దిగితే కంప్రెషన్, అంటే సిలిండర్లో ఒత్తిడి, ఉన్నట్టే. సర్రున జారిపోతే అప్పుడు ఆ మెకానిక్కు చెప్పింది నిజమే కావచ్చు.

బ్లేడు పని పెట్టుకునే ముందు ప్లగ్గు వైరు పీకెయ్యి. దాని నట్టుకి చాలా మిషన్లలో థ్రెడ్ రివర్స్‌లో ఉంటుంది, గడియారం ముల్లు తిరిగేవైపు తిప్పితే వదులవుతుంది. తెలియక గింజుకుని వేళ్లు చెక్కుకున్నవాళ్లని చూశాను. గేర్‌బాక్సులో గ్రీజు అయిపోయి ఉంటుంది, కాస్త పెట్టు. చెట్టు మొదలు చుట్టూ మాత్రం కొడవలితోనే కొయ్యి. బ్లేడు తగిలి బెరడు లేస్తే మామిడి చెట్టు తట్టుకోలేదు.

ఆదివారం ప్లగ్గు విప్పగానే, తుడవకముందే, ఫోటో తీసి పంపు. పదింటిదాకా గుడిలో ఉంటాను, తర్వాత ఫోన్ చెయ్యి. అక్కని అడిగానని చెప్పు.

ఇట్లు,
మావయ్య