పులికాట్ పక్షులను రాజహంసలు అనవచ్చా?

సందేహం: జనవరిలో మా బడి పిల్లలకు పులికాట్ సరస్సు, నేలపట్టు చూపించాం. తిరిగొచ్చాక ఏడో తరగతి అమ్మాయి ఒకతె వ్యాసంలో "సైబీరియా నుంచి వలస వచ్చిన రాజహంసలు పులికాట్‌లో మేత మేస్తున్నాయి" అని రాసింది. మా తోటి మాస్టారు 'రాజహంసలు' కింద ఎర్రగీత గీసి, "హంసలు ఉండేది మానస సరోవరంలో. ఇవి ఫ్లెమింగోలు" అని దిద్దారు. పత్రికలు మాత్రం రాజహంసలనే రాస్తున్నాయి. ఏది ఒప్పు?
– ఒక ఉపాధ్యాయురాలు, నెల్లూరు

సమాధానం: అమ్మా, ఆ ఎర్రగీత పడాల్సింది రాజహంసల కింద కాదు, సైబీరియా కింద. రెండో మాట తర్వాత చెబుతాను, ముందు రాజహంస సంగతి.

మీ మాస్టారి అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. హంసకు మన వికృతి రూపం అంచ, రాజహంసకు రాయంచ. రాయంచ అనగానే తెలుగువాడికి పోతన పద్యమే నోట్లో ఆడుతుంది: "నిర్మల మందాకినీ వీచికల దూగు రాయంచ సనునె తరంగిణులకు". ఆకాశగంగ అలల మీద ఊగే రాయంచ మామూలు ఏళ్లకు పోతుందా అని ప్రహ్లాదుడు అడుగుతాడు. ఆ పద్యం చిన్నప్పుడే కంఠతా పట్టినవారికి, ఉప్పునీటి బురదలో ముక్కు తలకిందులుగా పెట్టి మేత వెతుక్కునే పక్షిని రాయంచ అనడానికి మనసొప్పదు. పైగా కాళిదాసు మేఘసందేశంలో రాజహంసలు తామరతూడు ముక్కలను దారిబత్తెంగా పట్టుకుని కైలాసం దాకా మేఘుడికి తోడు వెళతాయి. మానస సరోవరం మాట మీ మాస్టారికి అటునుంచే వచ్చింది.

అయితే కవుల పక్కన నిఘంటుకారుడి మాట కూడా వినాలి. అమరకోశం రాజహంసకు గుర్తులు చెప్పింది: "రాజహంసాస్తు తే చంచుచరణైర్లోహితైః సితాః". ఒళ్లు తెలుపు, ముక్కూ కాళ్లూ ఎరుపు. అవి మసకగా ఉంటే మల్లికాక్షాలు, నల్లగా ఉంటే ధార్తరాష్ట్రాలు. పక్షిని చూసి గుర్తుపట్టడానికి ముక్కు రంగు, కాళ్ల రంగు చూడమనడం ఇవాళ బైనాక్యులర్ పట్టుకున్నవాళ్లు చేసే పనే. అన్నేళ్ల కిందట శ్లోకంలో ఆ పద్ధతి పెట్టినందుకు నాకు అమరసింహుడంటే ఎంతో గౌరవం.

ఇప్పుడు ఆ కొలతతో పక్షులను చూద్దాం. సరస్వతీదేవి పటాల్లో వేసే పొడుగు మెడ తెల్ల హంస నిజానికి ఐరోపా చెరువుల్లో కనిపించే స్వాన్. దాని ముక్కు నారింజ రంగు, కాళ్లు నలుపు. కాళ్ల దగ్గరే అమరుడి పరీక్ష తప్పింది. స్వాన్‌లు మన దేశానికి రావడం కూడా చాలా అరుదు. ఇక పట్టెతల బాతు. ఇది టిబెట్ వైపు గుడ్లు పెట్టి, చలికాలానికి హిమాలయాలను దాటుకుని దక్షిణాది చెరువుల దాకా వస్తుంది. కాళిదాసు చెప్పిన కైలాసం దారి దీనికి సరిపోతుంది. కానీ ఒళ్లు బూడిద రంగు, ముక్కూ కాళ్లూ పసుపు కలిసిన నారింజ. అంటే దారి కుదిరింది, రంగు కుదరలేదు.

మూడోది మీ పిల్లలు చూసిన పక్షి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు మీద, అటకానితిప్ప దగ్గర ఆగి చూస్తే లోతులేని నీళ్లలో బారులు తీరి ఉంటాయి. దూరానికి తెల్లగా కనిపించే ఒళ్లు, గులాబీ కాళ్లు, కొసన నలుపు తిరిగిన గులాబీ ముక్కు. (గుంపులో బూడిద రంగువి కనిపిస్తే అవి వేరే జాతి కాదు, పిల్ల పక్షులు. తినే రొయ్యపురుగుల నుంచి, నాచు నుంచి వాటికి గులాబీ రంగు పడుతుంది, అందుకు కొన్నేళ్లు పడుతుంది.) లోహితం అంటే నిండు ఎరుపే కావాలని పట్టుబడితే తప్ప, ఈ మూడింటిలో అమరుడి శ్లోకానికి దగ్గరగా నిలిచేది ఇదే. కైలాసానికి మాత్రం ఇది పోదు. ఒక్క పేరు కింద కవులు ఒక పక్షిని, నిఘంటువు మరో పక్షిని చూసి ఉండవచ్చని నా అభిప్రాయం. కాబట్టి ఫ్లెమింగోను రాజహంస అనడం పత్రికలవాళ్ల కల్పన కాదు. హిందీలోనూ దాన్ని రాజహంస అంటారు. అదే సరస్సుకు దక్షిణపు ఒడ్డున తమిళులు పూనారై అంటారు. పూవులాంటి కొంగ అన్నమాట. వాళ్లు కొంగల్లో కలిపారు, మనం హంసల్లో కలిపాం. శాస్త్రజ్ఞుల లెక్కలో అది కొంగా కాదు, హంసా కాదు. జన్యు పరిశోధనల ప్రకారం దానికి దగ్గరి చుట్టం చెరువుల్లో బుడుంగున మునిగి తేలే గ్రీబ్.

వ్యాసంలో, కథలో, వార్తలో రాజహంస నిక్షేపంగా రాయవచ్చు. ఒక్క జాగ్రత్త: 'రాజ' తీసేసి పులికాట్ హంసలు అనకండి, చదివేవాళ్లకు పటంలోని పక్షి కళ్ల ముందుకొస్తుంది. పిల్లలు నోటు పుస్తకంలో పక్షుల జాబితా రాసుకునేటప్పుడు మాత్రం పెద్ద ఫ్లెమింగో, చిన్న ఫ్లెమింగో అని రాయించండి. మన దేశంలో రెండు రకాలున్నాయి, రాజహంస అంటే ఏదో తేలదు.

ఇక సైబీరియా. ఈ మాట మన వార్తల్లో ఊతపదమైపోయింది. మన దేశంలో పెద్ద ఫ్లెమింగోలు ముఖ్యంగా గూళ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో. నేలపట్టులో చెట్ల నిండా కనిపించే గూడబాతులైతే అక్కడే గూడు కట్టి, అక్కడే పిల్లలను లేపుతాయి. గూడబాతు అనే చక్కని మాట ఉండగా పెలికాన్ అని రాయడమే నాకు కష్టంగా ఉంటుంది. దానికి తోడు 'విదేశీ అతిథి' అని తగిలిస్తే ఇంకా బాధ. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం గూడబాతులనూ, ఎర్రకాళ్ల కొంగలనూ ఏటా సైబీరియా పక్షులనే రాస్తున్నారు. ఆ రెండూ దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. పుట్టిల్లు ఇక్కడే ఉన్నదాన్ని విదేశీ అనడం భాషలోనూ తప్పే, విషయంలోనూ తప్పే.

నిజంగా ఉత్తరాసియా నుంచి వచ్చేవి పులికాట్‌లో ఉన్నాయి: సూదితోక బాతులు, బురద అంచున పరుగులు తీసే చిన్నచిన్న ఉల్లంకి జాతి పిట్టలు. వాటిలో కొన్ని సైబీరియా ఉత్తరపు కొసన, మంచు కరిగిన నేల మీద గుడ్లు పెట్టి ఇంత దూరం వస్తాయి. అరచేతిలో పట్టేంత పిట్టలు కాబట్టి వాటికి ఫొటోలు తీసేవాళ్లు తక్కువ. సైబీరియా మాట వాటికి ఇవ్వండి.

'వలస వచ్చిన' ఉండనివ్వండి. కచ్ నుంచి వచ్చినా వలసే, దేశం దాటాలన్న నియమం ఆ మాటలో లేదు. కరువుకు పొరుగు జిల్లాకు పోయినవాళ్లనూ వలస పోయారనే అంటాం. 'మేత మేస్తున్నాయి' కూడా బాగుంది. పశువులకే వాడాలని కొందరు అంటారు గానీ, పిట్టలు మేతకు పోయాయని పల్లెల్లో అందరూ అనే మాటే.

అమ్మాయి వాక్యంలో మొదటి రెండు మాటలు తీసేస్తే చాలు: "వలస వచ్చిన రాజహంసలు పులికాట్‌లో మేత మేస్తున్నాయి." తగ్గించిన మార్కులు ఉంటే తిరిగి వేయించండి.