యూరియాకు క్యూ ఉంటే ఎరువుల షేర్లు కొనొచ్చా?

ప్రశ్న: మాది పెద్దపల్లి జిల్లా. అయిదెకరాల్లో వరి వేస్తాం. ఎల్‌ఐసీ పాలసీ డబ్బు 6 లక్షలు వచ్చింది. యూరియా కోసం తెల్లవారకముందే క్యూలో నిలబడుతున్నాం. ఇంత గిరాకీ ఉంది కాబట్టి ఎరువుల కంపెనీల షేర్లు కొంటే నష్టం ఉండదని మా బావమరిది అంటున్నాడు. మూడేళ్లలో అమ్మాయి పెళ్లి చేయాలి. పంట రుణం కాక, నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షన్నర అప్పు ఉంది.

జవాబు: గిరాకీ ఉన్న మాట నిజమే. అయితే ఎంత కొరత వచ్చినా యూరియా ధర పెంచడానికి కంపెనీకి వీల్లేదు. 45 కిలోల బస్తా మీకు 266 రూపాయల 50 పైసలకే ఇవ్వాలి. తయారీకి ఇంకా చాలా ఎక్కువ ఖర్చవుతుంది, ఆ తేడాను కేంద్రం సబ్సిడీగా ఇస్తుంది. సబ్సిడీ ఆలస్యమైతే కంపెనీ అప్పు తెచ్చి నడవాలి. అంటే దాని లాభం మీ ఊరి క్యూను బట్టి కాక, ఢిల్లీ నిర్ణయాలను బట్టి, ప్లాంటు ఎంత తక్కువ గ్యాస్‌తో టన్ను యూరియా తీస్తుందన్నదాన్ని బట్టి ఉంటుంది. యూరియాకు ముడిసరుకు సహజవాయువే, అందులో చాలా భాగం దిగుమతి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో గ్యాస్ ధర ఎగబాకి, ఆ ఏడాది ఎరువుల సబ్సిడీ దాదాపు రెండున్నర లక్షల కోట్లకు చేరింది.

డీఏపీ సంగతి వేరు. 2010 నుంచి దానికి పోషకాల లెక్కన, అంటే అందులోని నత్రజని, భాస్వరం కిలోకు ఇంత అని సబ్సిడీ ఇస్తున్నారు. కానీ దాని ముడిసరుకులైన రాక్ ఫాస్ఫేట్, ఫాస్ఫారిక్ యాసిడ్ ఎక్కువగా బయటి దేశాల నుంచే రావాలి. చైనా ఎగుమతులు ఆపితే ఇక్కడ ఇబ్బందే.

మీ దగ్గర్లోని రామగుండం ప్లాంటు షేరు నేరుగా మార్కెట్లో దొరకదు. సీసాలో ద్రవంగా వచ్చే నానో యూరియాను తెచ్చిన ఇఫ్కో సహకార సంస్థ, దాని షేర్లూ మార్కెట్లో ఉండవు. పైగా పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరీక్షల్లో నానో యూరియా వాడిన వరి, గోధుమల దిగుబడి తగ్గింది. యూరియా తయారీకి అమ్మోనియా కావాలి. కాకినాడలో తలపెట్టిన గ్రీన్ అమ్మోనియా, సహజవాయువు లేకుండా, సౌర, పవన విద్యుత్తుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసి చేసేది. మంచి దారే, కానీ ఇప్పటికి ఖర్చెక్కువ. మూడేళ్లలో పెళ్లి పెట్టుకుని దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

నాకు ఎక్కువ టెన్షన్ కలిగించేది ఇంకొకటి. మీ ఆదాయమంతా వరి మీదే ఉంది. వానలు తప్పితే పంట పోతుంది, ఎరువుల అమ్మకాలూ పడిపోతాయి. రెండు దెబ్బలూ ఒకే ఏడాది తగులుతాయి.

ముందు ఆ లక్షన్నర తీర్చేయండి. ఏటా 36 వేల వడ్డీ మిగులుతుంది, అంత ఖాయంగా ఏ షేరూ ఇవ్వదు. పంట రుణం గడువులోగా కడితే 4 శాతమే పడుతుంది, దాన్ని తొందరపడి తీర్చక్కర్లేదు. పెళ్లికి 3 లక్షలు పోస్టాఫీసులో మూడేళ్ల డిపాజిట్ చేయండి. 70 వేలు పంట తేడా కొడితే వాడుకోవడానికి సేవింగ్స్‌లో ఉంచండి. మిగిలిన 80 వేలను అయిదారేళ్లు ముట్టుకోకుండా ఉండగలిగితే నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (50 పెద్ద కంపెనీల షేర్లలో కలిపి పెట్టే ఫండ్) నెలనెలా కొంచెం కొంచెంగా పెట్టండి. ఎరువుల షేర్లు కొనాలని మీకు గట్టిగా ఉంటే అందులోంచే 20 వేలు, అంతకు మించి వద్దు.