నాన్న ఏమయ్యారో తెలియకుండా నా పెళ్లి ఎలా?

ప్రశ్న: మాది పొదిలి దగ్గర పల్లె. నాకు 27 ఏళ్లు. చెన్నైలో ఉద్యోగం చేస్తూ అమ్మతో కలిసి అంబత్తూరులో ఉంటున్నాను. నాన్న లారీ డ్రైవర్. ఇరవై రెండు నెలల క్రితం చీమకుర్తిలో గ్రానైట్ లోడు ఎక్కించుకుని చెన్నై పోర్టుకి బయల్దేరారు. ఆ ట్రిప్పుకి క్లీనర్ రాలేదు. రాత్రి బూదనం టోల్ దాటినట్టు ఓనర్ ఫోన్‌కి ఫాస్టాగ్ మెసేజ్ వచ్చింది. తెల్లారేసరికి నాయుడుపేట దాటాక రోడ్డు పక్కన లారీ ఆగి ఉంది. లోడు అలాగే ఉంది. తాళం బండికే ఉంది, ఫోను ఛార్జింగ్‌లో ఉంది. నాన్న లేరు. ఆయనకి షుగర్ ఉంది, ఇన్సులిన్ వేసుకుంటారు. పోలీసులు మ్యాన్ మిస్సింగ్ కేసు రాశారు. చుట్టుపక్కల చెరువులన్నీ వెతికాం.

ఒరిస్సా లోడ్లకి వెళ్లేవాడు కదా, అక్కడ ఇంకో సంసారం ఉండి ఉంటుందని పెద్దమ్మ అంటుంది. అప్పులు తట్టుకోలేక ఎటో వెళ్లిపోయాడని బాబాయి అంటాడు. హైవే దొంగలు చంపేశారని తమ్ముడి నమ్మకం. వాడు శ్రీసిటీలో పనిచేస్తాడు, సెలవు దొరికితే ఫోటో పట్టుకుని ధాబాల చుట్టూ తిరుగుతాడు. ముందు రోజు సాయంత్రం ఫైనాన్స్ వాయిదా గురించి అమ్మకీ నాన్నకీ ఫోన్‌లో గొడవైంది. ‘నేనే పొమ్మన్నాను, పోయాడు’ అని అమ్మ ఏడుస్తుంది. రెండుసార్లు అంజనం వేయించింది. ఇప్పుడు నాకు కొళత్తూరు నుంచి మంచి సంబంధం వచ్చింది. కార్డు మీద నాన్న పేరు ముందు ‘శ్రీ’ వేయాలా, ‘కీర్తిశేషులు’ వేయాలా అని వాళ్లు అడుగుతున్నారు. కర్మ చేసేసి, అమ్మ బొట్టు తీయించాకే పెళ్లి పెట్టుకోమని చుట్టాలు అంటున్నారు. నాన్న దొరికేదాకా పెళ్లే వద్దని తమ్ముడు. నేనేం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు కార్డు సంగతి తేల్చేద్దాం. ‘శ్రీ’ అనే వేయించండి. ఆయన చనిపోయారని తీర్మానించే హక్కు మీ చుట్టాలకి లేదు, వియ్యాలవారికీ లేదు. మనిషి బతికుంటే ఎవరికి కబురు తెలియాలో వాళ్లకి ఏడేళ్లపాటు ఏ కబురూ అందకపోతేనే, ఆయన చనిపోయినట్టు కోర్టు భావించడానికి వీలుంటుంది. పాత సాక్ష్య చట్టంలో అది 108వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 111వ సెక్షన్. ఇక కర్మ మాట. ఆచూకీ లేని మనిషికి దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపే పద్ధతి మనలో ఉన్నదే. కానీ దానికీ చాలాచోట్ల పెద్దలు చెప్పే గడువు పన్నెండేళ్లు. రెండేళ్లు కూడా నిండకముందే ఈ తొందర ఎందుకని వాళ్లని నెమ్మదిగానే అడగండి.

కన్యాదానం బాబాయి, పిన్ని చేతుల మీదుగా జరిపించుకోవచ్చు. మీ అమ్మగారు బొట్టుతో, పెళ్లికూతురి తల్లిగా అందరికంటే ముందు కూర్చోవాలి. (భర్త పోయిన తల్లిని మాత్రం పెళ్లిలో పక్కకి నెట్టడం న్యాయమా అంటే, కాదనే నేను అంటాను. మీ అమ్మగారి విషయంలో అయితే ఆ ప్రశ్నే లేదు.) పెళ్లివారికి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నాన్న కనిపించడం లేదు, కేసు ఉంది, వెతుకుతున్నాం, రేపు ఏ కబురు వచ్చినా మీకూ చెబుతాం అనండి. అది విని వెనక్కి తగ్గే సంబంధమైతే ఆ సంగతి ఇప్పుడే తెలియడం మీకు మంచిది. ఆచూకీ తెలియని తండ్రి ఉండటం మీలో లోపం కాదు.

ఇప్పుడు మీ ఇంట్లో తిరుగుతున్న ఊహల దగ్గరికి వస్తాను. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. ఒకే మనిషి గురించి నలుగురు నాలుగు కథలు అల్లుకున్నారు. ఒకరి కథ ఒకరికి గుచ్చుకుంటోంది. పెద్దమ్మ మాట విన్నప్పుడల్లా అమ్మ చచ్చిపోతోంది. బాబాయి మాట విన్నప్పుడల్లా తమ్ముడు గొడవకి దిగుతున్నాడని మీరు రాయకపోయినా తెలుస్తోంది.

తమ్ముడి భయం ఊరికే పుట్టింది కాదు. 2008లో ఒంగోలు పరిసరాల హైవే మీద ఒక ముఠా అధికారుల వేషంలో లారీలు ఆపేది. డ్రైవర్లనీ క్లీనర్లనీ చంపి పూడ్చిపెట్టేది. ఇనుము లోడుతో వస్తున్న తన లారీ కనిపించడం లేదని తమిళనాడు ఓనర్ ఒకాయన ఫిర్యాదు ఇస్తే, ఆ తీగ లాగిన కొద్దీ డొంకంతా కదిలింది. 2021 మే నెలలో ఒంగోలు కోర్టు పన్నెండు మందికి మరణశిక్ష వేసింది. ప్రకాశం జిల్లాలో డ్రైవర్ ఇంట్లో పుట్టిన పిల్లాడు ఆ కథ వినకుండా పెరగడు. కానీ వాడితో కూర్చుని ఒక్క విషయం మాట్లాడండి. ఆ ముఠాకి కావలసింది బండీ, అందులో సరుకూ. అక్కడ లారీలే మాయమయ్యాయి. మీ నాన్నగారి లారీ నిలబెట్టిన చోటే ఉంది, లోడు పోలేదు, ఫోను కూడా ఎవరూ ముట్టుకోలేదు. కాబట్టి ఆ కథని తెచ్చి దీనికి అతికించలేం. అసలు దాడే జరగలేదని నేను చెప్పలేను. పెనుగులాట గుర్తులు ఉన్నాయా, రక్తపు మరకలు ఉన్నాయా అన్నది లారీ దొరికినప్పుడు పోలీసులు రాసిన పంచనామాలో ఉండాలి. ధాబాలో వినే మాటలకంటే ఆ కాగితం చదవడం ముఖ్యం.

పెద్దమ్మ మాట లారీ డ్రైవర్ల మీద లోకం ఎప్పుడూ వేసే నింద. ఇల్లు వదిలిపోవాలనుకున్న మనిషి లోడున్న బండిని అర్ధరాత్రి రోడ్డు మీద ఎందుకు వదులుతాడు? పోర్టులో లోడు దించి, బత్తా డబ్బులు జేబులో వేసుకుని పోవచ్చు కదా. ఆ అనుమానం తీరాల్సిందే అంటే, ఆయన పేరు మీద ఇంకో సిమ్ ఉందేమో పోలీసులు కంపెనీలని అడిగి తెలుసుకోగలరు. అంతకు మించి ఆ మాట ఇంట్లో నడవనివ్వకండి.

బాబాయి చెప్పే అప్పు మాత్రం నిజం. అప్పుల్లో మునిగినవాళ్లు కొందరు ఎటో వెళ్లిపోతారు, కొందరు ప్రాణం తీసుకుంటారు. ఆ రెండో మాట మీ ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు. చెరువులన్నీ వెతికాం అని రాశారంటే అది అందరి మనసులోనూ ఉంది. మీరూ తమ్ముడూ ఒకసారి ఆ మాట పైకి అనుకోండి. అనుకున్నంత మాత్రాన అది నిజమైపోదు. దాచుకుంటే మాత్రం ఎవరి గదిలో వాళ్లు ఒంటరిగా ఏడవాలి.

మీలో ఎవరికీ తట్టనిది ఒకటుంది. ఇన్సులిన్ వేసుకుని వేళకి తినకపోతే షుగర్ బాగా పడిపోతుంది. చెమటలు పట్టి, మనిషి అయోమయంలో పడతాడు. బండి ఆపి దిగి, ఎటు పోతున్నాడో తెలియకుండా నడవడం అసాధ్యమేమీ కాదు. లారీ డ్రైవర్‌కి రోజుకి ఎనిమిది గంటల పనే ఉండాలని 1961లోనే చట్టం చేశారు. రాత్రంతా ఒంటరిగా గ్రానైట్ లాగే మనిషికి ఆ చట్టం ఏ టోల్ గేట్ దగ్గరా ఎదురు కాలేదు. తిండీ నిద్రా సరిగా లేని ఒంట్లో ఏదైనా జరగొచ్చు. ఇదీ ఊహే, ఒప్పుకుంటాను. కానీ దీనివల్ల వెతకాల్సిన చోటు మారుతుంది. ఆసుపత్రుల్లో పేరు తెలియని రోగిగా చేరారా? మతి స్థిమితం లేని మనిషిగా ఎవరైనా ఎక్కడైనా చేర్చారా? తిరుగుతూ కనిపించే మానసిక రోగులని పోలీసులు కాపాడి ఆసుపత్రికి చేర్చాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. చెన్నైలో అలాంటివాళ్లని కీల్పాక్ మానసిక ఆరోగ్య కేంద్రానికి తీసుకొస్తుంటారు. రోడ్ల మీద దొరికిన ఇలాంటివాళ్లకి వైద్యం చేసి సొంత ఊళ్లకి చేర్చినందుకే డాక్టర్ భరత్ వట్వానీకి 2018లో మెగసెసే అవార్డు వచ్చింది. మహారాష్ట్ర కర్జత్‌లో ఉన్న ఆయన శ్రద్ధ సంస్థకి కూడా నాన్నగారి ఫోటో, ఒంటి మీద మచ్చల వివరాలు పంపండి.

ఏ ఊహ విన్నా నేను అడిగేది ఇదే. దీనివల్ల వెతకాల్సిన చోటు ఒకటి తెలుస్తోందా? తెలిస్తే వెళ్లి చూసి రండి. ఎవరో ఒకరి మీద నింద వేయడానికి తప్ప దేనికీ పనికి రాకపోతే, చెప్పింది పెద్దమ్మ అయినా సరే, అక్కడే ఆపండి. అన్ని కథల్లోంచి ఒకదాన్ని ఎంచుకుని అందరూ దాన్నే నమ్మాలన్న పట్టు కూడా వద్దు.

అమ్మగారి సంగతి వీటన్నిటికంటే పెద్దది. ‘నేనే పొమ్మన్నాను’ అనే మాట ఆవిడని లోపల్నించి తినేస్తోంది. నీ తప్పేం లేదమ్మా అని ఊరికే అంటే ఆవిడకి ఎక్కదు. ఆ రాత్రి జరిగింది వరసగా చెప్పండి. గొడవ తర్వాత ఆయన మామూలుగానే లోడు ఎక్కించుకున్నారు. ఒంగోలు దాటారు, నెల్లూరు దాటారు, టోల్ దాటారు. ఫోను ఛార్జింగ్‌కి పెట్టుకున్నారు. తెల్లారాక ఫోను కావాలనుకునే మనిషి చేసే పని అది. ఆయన మనసులో ఏముందో దీంతో రుజువు కాదు, కానీ మీ అమ్మ మాటకి విరిగిపోయి వెళ్లాడనడానికీ రుజువు లేదు. డబ్బు గురించి మొగుడూ పెళ్లాల మధ్య గొడవ ఏ ఇంట్లో లేదు? మామూలుగా అయితే రెండు రోజుల్లో మర్చిపోయే గొడవ అది. ఆయన తిరిగి రాకపోవడం వల్ల ఆఖరి మాటగా మిగిలిపోయింది. ఆవిడ అడిగిన ప్రతిసారీ, విసుక్కోకుండా మళ్లీ చెప్పండి.

ఆవిడ ఒక రోజు ఆయన వస్తారని అన్నం ఎక్కువ వండవచ్చు, మర్నాడు పోయారని గుండెలు బాదుకోవచ్చు. అది పిచ్చి కాదు. వియత్నాం యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో పనిచేసిన పాలీన్ బాస్ అనే అమెరికా పరిశోధకురాలు 1970లలోనే ఈ స్థితిని గుర్తించారు. శవం లేదు, కబురు లేదు, కాబట్టి దుఃఖానికి అంతూ లేదు. ఇలాంటి ఇళ్లలో మనుషులు రెండు వైపులకీ ఊగుతారు. వస్తారు అనీ, రాకపోవచ్చు అనీ రెండు మాటలూ కలిపి అనుకోనివ్వండి ఆవిడని. ఏదో ఒకటి తేల్చుకో అని ఎవరూ మీద పడకూడదు.

అంజనం వేయించినందుకు కోప్పడకండి. కబురు చెప్పేవాళ్లు లేనప్పుడు చెబుతానన్నవాడి దగ్గరికి ఎవరైనా వెళతారు. కానీ ఇక మీదట దానికి డబ్బు ఇవ్వకూడదు, ఆ మాట పట్టుకుని తమ్ముడు ఊళ్లు తిరగకూడదు అని ఇంట్లో ఒప్పందం పెట్టుకోండి. అలాగే ‘మీ ఆయన మా దగ్గర ఉన్నాడు, డబ్బు పంపు’ అని ఫోను వస్తే ఒక్క రూపాయి వేయకుండా ఆ నంబరు పోలీసులకి ఇవ్వాలని అమ్మకి ముందే చెప్పి ఉంచండి. పోస్టర్ల మీద మీ నంబర్లు ఉంటే అలాంటి ఫోన్లు వస్తాయి.

తమ్ముడు పెళ్లి వద్దంటున్నాడంటే మీ మీద కోపంతో కాదు. పెళ్లి జరిగితే ఇంట్లో అందరూ నాన్నని వదిలేసినట్టే అని వాడి భయం. ధాబాలు తిరగడం మానేయమంటే వినడు. ఆ తిరుగుడునే ఒక పనిగా మార్చండి. చేయాల్సింది చాలా ఉంది, ఒకదానికి తొందర కూడా ఉంది. కాల్ రికార్డులు కనీసం రెండేళ్లు దాచాలని టెలికాం కంపెనీలకి 2021 చివర్లో నిబంధన పెట్టారు. మీకు మిగిలింది రెండు నెలలు. ఆ రాత్రి నాన్నగారికి ఎవరు ఫోన్ చేశారు, ఆయన ఎవరికి చేశారు అన్న వివరాలు పోలీసులు ఇప్పటికే తీసుకుని ఉంటే సరే. లేకపోతే వెంటనే తీసుకోమని కాగితం మీద రాసి, కేసు ఉన్న స్టేషన్‌లో ఇచ్చి, రసీదు తీసుకోవాలి. స్టేషన్‌లో పట్టించుకోకపోతే ఎస్పీ ఆఫీసుకి వెళ్లండి. బూదనం నుంచి నాయుడుపేట దాకా ఆ వారంలో దొరికిన గుర్తు తెలియని శవాల రికార్డులు చూపించమని అడగండి. పోల్చడానికి మీరిద్దరూ డీఎన్ఏ నమూనా ఇస్తామని కూడా రాసివ్వండి. ఈ పని చాలా కష్టంగా ఉంటుంది. తమ్ముడిని ఒంటరిగా పంపకండి, మీరో బాబాయో తోడు వెళ్లండి.

నాన్నగారికి ఎల్ఐసీ పాలసీ ఉంటే ప్రీమియం ఆపకండి. ఏడేళ్ల తర్వాత కోర్టు చనిపోయినట్టు భావించినా, ఫలానా రోజునే పోయారని దానంతట అది తేలదని సుప్రీంకోర్టు 2004లోనే ఒక ఎల్ఐసీ కేసులో చెప్పింది. కనిపించకుండా పోయిన రోజు నుంచి ప్రీమియం మానేసిన కుటుంబాలు అక్కడే నష్టపోతాయి.

తమ్ముడికి నిద్ర పట్టకపోయినా, తాగుడు మొదలుపెట్టినా, అమ్మ తిండి మానేసినా 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వ ఉచిత లైను, తెలుగులోనే మాట్లాడతారు. అర్ధరాత్రి అయినా చేయవచ్చు. మీ గురించి మీరు ఉత్తరంలో ఒక్క ముక్క రాయలేదు. ఆ నంబరు మీక్కూడా.

నిశ్చితార్థం తేదీ పెట్టుకునే ముందు తమ్ముడితో కలిసి ఒకసారి నాయుడుపేట వెళ్లి ఆ కాగితాలు ఇచ్చి రండి. తర్వాత వాడినే వెంటబెట్టుకుని కొళత్తూరు వెళ్లి, పెళ్లివారితో మాట్లాడండి.