డిస్పాచర్ ‘పీసీ పెట్టి వచ్చెయ్’ అంటే వెళ్లొచ్చా?

వద్దు తమ్ముడూ. అమెరికాలో ట్రక్కు డ్యూటీ ఎక్కాక 14 గంటలు దాటితే నడపకూడదు కదా. అవి అయిపోయినా పర్సనల్ కన్వేయన్స్ (పీసీ, అంటే సొంత పనికి నడుపుతున్నట్టు లాగ్‌లో వేసుకోవడం) పెట్టి, లోడుతో రిసీవర్ (సరుకు దించుకునేవాళ్లు) దాకా రమ్మంటున్నాడు నీ డిస్పాచర్ (లోడులు అప్పగించే కంపెనీ మనిషి), డ్రైవింగ్ గంటల్లో పడదంటున్నాడు అని రాశావు. గంటల్లో పడకపోవచ్చు, ఇన్‌స్పెక్టర్ కంట్లో పడుతుంది. నేను అలాగే దొరికిపోయాను.

అమెరికాలో నాలుగేళ్లు రీఫర్ (చల్లబరిచే ట్రైలర్ ఉన్న ట్రక్కు) తోలాను. 2022లో ఒక గోదాము దగ్గర లోడ్ ఎక్కించడానికి ఆరు గంటలు కూర్చోబెట్టారు. కొత్తవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. నడపడానికి ఇచ్చే 11 గంటలు ఇంకా మిగిలే ఉంటాయి, డ్యూటీ ఎక్కినప్పుడు మొదలైన 14 గంటల గడియారం మాత్రం డాక్ (సరుకు ఎక్కించే చోటు) దగ్గర కూడా తిరుగుతూనే ఉంటుంది. ఆ ఆరు గంటలు స్లీపర్‌లో (క్యాబిన్‌లోని పడకలో) పడుకుని, లాగ్‌లో అలాగే వేసుకుని, తర్వాత స్లీపర్‌లోనే ఇంకో ఏడు గంటలు పడుకుని ఉంటే, 2020లో మారిన రూలు ప్రకారం ఆ ఆరూ 14లో లెక్కకు వచ్చేవి కావు. నేను తెలివితక్కువగా ఆన్ డ్యూటీలో వదిలేశాను.

డిస్పాచర్ ‘నలభై మైళ్లే కదా’ అన్నాడు. బయల్దేరాను. దారిలో ట్రక్కులు తూకం వేసి తనిఖీ చేసే వే స్టేషన్‌లో ఆపారు. ఈఎల్‌డీ (గంటలు నమోదు చేసే ట్రక్కులోని పరికరం) డేటా తీసుకుని, లోడు కాగితాలు పక్కన పెట్టుకుని చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోయింది. తప్పుడు లాగ్ ఒకటి, 14 దాటి నడపడం ఒకటి. పది గంటలు అవుటాఫ్ సర్వీస్, అంటే నడపకూడదు. తనిఖీ రికార్డు పీఎస్‌పీలో (కొత్తగా ఉద్యోగమిచ్చే కంపెనీలు చూసే డ్రైవర్ రికార్డు) మూడేళ్లు కనిపిస్తుంది, కొత్త కంపెనీకి వెళ్లినప్పుడల్లా దాని గురించి సంజాయిషీ చెప్పుకున్నాను. డిస్పాచర్ సారీ కూడా చెప్పలేదనుకో.

పీసీ అసలు వాడొద్దని కాదు. లోడింగో అన్‌లోడింగో అయ్యేసరికి గంటలు అయిపోతే, రెస్ట్ తీసుకోవడానికి దగ్గర్లో ఉన్న సేఫ్ పార్కింగ్ దాకా వెళ్లొచ్చు, ట్రైలర్‌లో లోడున్నా సరే. దారిలో ఆగే చోటు ఉండి కూడా దాన్ని దాటి డెలివరీ వైపు జరిగితే తప్పు.

నీ డిస్పాచర్‌కి ఫోన్‌లో కాకుండా మెసేజ్‌లో చెప్పు: ‘నా గంటలు అయిపోయాయి, నడిపితే రూలు తప్పినట్టే’ అని. 2016 నుంచి బలవంతపెట్టడమే నిషిద్ధం, కానీ రూలు తప్పుతుందని నువ్వు ముందే చెప్పి ఉండాలి. షిప్పర్ (సరుకు పంపేవాళ్లు), రిసీవర్, బ్రోకర్ (లోడు కుదిర్చే మధ్యవర్తి) బెదిరించినా ఇదే రూలు. ట్రక్కుల రూళ్లు చూసే ఫెడరల్ సంస్థ ఎఫ్‌ఎమ్‌సీఎస్‌ఏకి 90 రోజుల్లోగా కంప్లయింట్ ఇవ్వాలి. నడపనన్నందుకు ఉద్యోగం తీసేస్తే, కార్మికుల భద్రత చూసే ఫెడరల్ సంస్థ ఓషాకి వెళ్లడానికి 180 రోజులు ఉంటాయి. మెసేజ్‌ల స్క్రీన్‌షాట్లు నీ సొంత ఫోన్‌లో దాచుకో, కంపెనీ టాబ్లెట్‌ని నమ్ముకోకు.

ఇంకోటి, రాత్రి ఏడు దాటితే ట్రక్ స్టాపుల్లో చోటు దొరకడం కష్టం. పన్నెండో గంటలోనే పార్కింగ్ వెతుక్కోవడం మొదలుపెట్టు.